సూదులు వేసే గదిలో నిద్ర

ఆగస్టు 12

బాలింత చదవకూడదట, రాయకూడదట. కళ్లు పోతాయట. కాబట్టి తలుపు గడియ వేసుకుని రాస్తున్నాను. రాసేది జువాలజీ రికార్డు పుస్తకంలో. కాన్పుకని గుంతకల్లు నుంచి పుట్టింటికి వస్తూ సర్దిన సామాన్లలో ఇది ఎలా పడిందో పడింది. ఒక పేజీ గీతలు, ఒక పేజీ తెల్లగా. గీతల పేజీ నాకు చాలు.

ఎందుకు రాస్తున్నానంటే, తెలుసుకోవాలని. ఆరేళ్లుగా ఇంటర్ పిల్లలకు క్షీరదాల పాఠం చెబుతున్నాను. బిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు ఎలా చేపుకొస్తాయో బాణం గుర్తులు పెట్టి మరీ బోర్డు మీద గీశాను. ఇప్పుడు నేనే ఆ పాఠం. ఎంతవరకు నిజమో చూద్దాం.

బిడ్డ: కార్తికేయ. నెల దాటింది. ఏడుస్తాడు, తాగుతాడు, నిద్రపోతాడు. నిద్రలో పెదవులు చప్పరిస్తాడు. కుడిచెవి పైన చిన్న మడత, అది వాళ్ల నాన్నది. పాలు బాణం గుర్తుల ప్రకారమే వస్తున్నాయి. బాణం గుర్తుల్లో లేనిదేదో రావాలంటారు కదా, అది ఇంకా రాలేదు. దారిలో ఉందేమో.

తల్లి: నడుము నొప్పి. ఆపరేషనప్పుడు వెన్నులో వేసిన సూది వల్లేనని అమ్మ తీర్పు చెప్పింది. సూది వల్ల కాదు, మోసిన బరువు వల్ల, గంటలకొద్దీ వంగి పాలివ్వడం వల్ల అని హాస్పిటల్ డాక్టరమ్మ చెప్పింది. అమ్మ ఆమె మాట విని, తల ఊపి, ఇంటికి వచ్చి మళ్లీ సూదినే తిట్టింది.

మూడో నెలలో నన్ను, బిడ్డను గుంతకల్లు పంపిస్తారు. అక్కడ రైల్వే క్వార్టర్సు. మా ఆయన హేమంత్ గూడ్సు బండి గార్డు, డ్యూటీ ఎక్కితే రెండు రోజులకు గాని రాడు. అంటే ఇంట్లో నేనూ వాడే ఉంటాం. ఈ వాక్యం ఇక్కడ ఆపేస్తాను.

ఆగస్టు 14

నొప్పి.

ఆగస్టు 16

ఈ రోజు ఇంట్లో సభ జరిగింది. విషయం: పుట్టపర్తిలో సూదుల వైద్యం. ఫోనులో చదివి నేనే కదిలించాను. చైనావాళ్ల పద్ధతి, సన్నటి సూదులు ఒంట్లో గుచ్చి కాసేపు ఉంచుతారు, కాన్పు తర్వాత నొప్పులకు కొంతమందికి బాగా పనిచేస్తుందట. ఎలా పనిచేస్తుందో మాత్రం తలా ఒకటి రాశారు. అదే నాకు కావాల్సింది. ఎవరికీ సరిగ్గా తెలియని సంగతి దొరికితే నాకు ఆకలి పుడుతుంది.

నాయన అంగడి మూసి పైకి వచ్చి అంతా విన్నాడు. సోమందేపల్లెలో మా కిరాణా అంగడి కింద, కాపురం పైన. ఏ సభకైనా ఆయన చివర వచ్చి మొదట లేస్తాడు. "డాక్టర్ సరే అంటే పోండి" అని లేచాడు. ఫోను చేస్తే డాక్టరమ్మ సరే అంది. కుట్ల దగ్గర గుచ్చనివ్వద్దు, జ్వరం వస్తే తన దగ్గరికే రావాలి అంది.

అమ్మకు మనసు లేదు. "నడుముకు సూదేసినందుకే ఇంత గతి పట్టె. మళ్లా సూదులా?"

జేజి మంచం మీద నుంచే అమ్మకు తేల్చి చెప్పింది. మా నాయన తల్లి, పేరు భద్రమ్మ, పేరుకు తగ్గట్టే ఇంట్లో ప్రతిదీ భద్రం చేసే మనిషి. "ముల్లును ముల్లుతోనే తీయల్ల, సుమిత్రా. ఇనుము ఒంటిని తాకితే గాలీ ధూళీ చేరదు. పంపించు."

ఇనుము మీద జేజికి అంత నమ్మకం. పురిటి రోజు నుంచి నా పరుపు కింద అడకత్తెర ఉంది. పక్కకు తిరిగినప్పుడల్లా అది నన్ను తిరగనివ్వదు. నడుము నొప్పికి అదీ ఒక కారణం కావచ్చని అన్నాను. ఎవరూ నవ్వలేదు.

చివరికి అమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద. "ఎవురన్నా అడిగితే ఆశ్రమానికి, దర్శనానికి పోతాండామని చెప్పు. సూదులూ గీదులూ అనొద్దు. కోమటోళ్ల కూతురికి ఏమో అయ్యిందని ఊరంతా అనుకుంటారు."

ఆగస్టు 19

వెళ్లొచ్చాం. బాడుగకు మాట్లాడుకున్న ఓబిలేష్ కారులో నేను, అమ్మ, బిడ్డ. నా చెవుల్లో దూది, తల చుట్టూ తువ్వాలు. దర్శనానికి పోయే మనిషిలాగా లేను, దర్శనమిచ్చే దయ్యంలాగా ఉన్నాను. పెనుకొండ దాటాక రోడ్డుకు రెండువైపులా వేరుశనగ చెట్లు వాడి ఉన్నాయి. ఓబిలేష్ వాటిని చూపించి, "పదును చాల్లేదు మేడం" అన్నాడు.

సూదులు వేసే ఆమె పేరు పుష్పావతి. నలభై ఐదు ఉంటాయి. కొత్తచెరువు దగ్గర రైతుల ఇంటి మనిషి, బెంగుళూరులో నేర్చుకుందట. లాడ్జీల సందులో మేడ మీద గది. గోడ మీద మనిషి బొమ్మ, ఒంటినిండా చుక్కలు. చుక్కల పక్కన చైనా అక్షరాలు, వాటి పక్కన ఆమె బాల్‌పాయింటు పెన్నుతో రాసుకున్న తెలుగు. నేను బొమ్మ దగ్గరకు పోయి చదువుతుంటే, "చదివింది చాలు, పడుకో" అంది.

పడుకోబెట్టే ముందు చాలా అడిగింది. రక్తస్రావం ఆగిందా, జ్వరం ఉందా, కాళ్ల వాపు ఉందా, కుట్లు మానినాయా. హాస్పిటల్ కాగితాలు అడిగి తీసుకుని చూసింది. అర్థమైనవి అర్థమయ్యాయని, కానివి కాలేదని చెప్పింది. అప్పుడు నా చెవుల్లో దూది తీసి నా చేతిలో పెట్టింది. "ఇదేంటికి? నేను చెప్పేది వినల్ల కదా."

సూది వెంట్రుక కంటే కాస్త లావు. గుచ్చేటప్పుడు చీమ కుట్టినట్టు కూడా లేదు. తర్వాత అక్కడ ఒక బరువు వస్తుంది. నొప్పి కాదు, తిమ్మిరీ కాదు. లోపల ఎవరో వేలు ఆనించి ఉంచినట్టు. మోకాలి కింద, చీలమండ దగ్గర, నడుము మీద. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంటలో ఒకటి.

"ఇది యాడికి పోతుంది?" అని అడిగాను.

"యాడికీ పోదు. ఈడే ఉంటుంది."

"లోపల ఏం జరుగుతుంది అని అడుగుతాండా, అక్కా."

"నాకు నేర్పినోళ్లు ఒక మాట చెప్పినారు. ఇంగ్లీషు డాక్టర్లు ఇంకో మాట చెప్తారు. నాకు తెలిసిందొకటే, శానామందికి తగ్గింది, కొంతమందికి తగ్గలా. నీకెట్లనో చూద్దాం. ఇంక నోరు మూసుకోమ్మా."

అలా మాట్లాడే మనిషిని నేను చాలా రోజులకు చూశాను. ఫ్యాను వేసి, కర్టెన్ లాగి వెళ్లిపోయింది. వరండాలో అమ్మ బిడ్డను ఊపుతున్న చప్పుడు వినపడింది. వాడు ఏడ్చాడు. నేను లేవలేను కదా, ఒంటినిండా సూదులు. ఆమె పర్మిషన్ లేకుండా కదలకూడదు.

నిద్రపోయాను. కాన్పు తర్వాత ఇంత నిద్ర ఇదే మొదలు.

ఆగస్టు 20

నొప్పి సగం తగ్గింది. ఇది రాయడానికి నాకు ఎందుకో ఇష్టం లేదు. రాయకపోతే పరిశీలన అనిపించుకోదు కాబట్టి రాశాను.

ఆగస్టు 24

ఈసారి జేజి కూడా వచ్చింది. ఇనుము వైద్యం కళ్లారా చూడాలట. కర్టెన్ లోపల కుర్చీ వేసుకుని, సూది దిగినప్పుడల్లా "ఆఁ" అంటూ కూర్చుంది, హరికథ వింటున్నట్టు.

పాలు బాగా పడటానికని చిటికెన వేలి గోరు పక్కన ఒక సూది వేసింది పుష్పావతి. అదొక్కటే చురుక్కుమంది. తర్వాత ఎండిన ఆకు చుట్టిన కడ్డీ అంటించి, నడుముకు కాస్త దూరంలో పట్టుకుంది. వెచ్చగా ఉంది. పొగ వాసన ఎక్కడో తెలిసినట్టే ఉంది, ఏమిటో తట్టలేదు. జేజి ముక్కు ఎగబీల్చి, "మాచిపత్రి" అంది.

అవును, మాచిపత్రే. ఏటా వినాయకుడికి మొదట వేసే పత్రి. చైనావాళ్లు కాల్చేది, మనం పూజించేది ఒకే జాతి. అడిగితే పుష్పావతి కూడా అవునంది. నాకు ఎంత సంతోషమైందో. ఇంటికి వచ్చి మొక్క పేరు, కుటుంబం, ఆకుల అమరిక అన్నీ చదివాను. కార్తికేయ పక్కనే ఏడుస్తున్నాడట. అమ్మ వచ్చి ఎత్తుకుని నన్ను చూసింది. "వినపడలేదా?" అంది. దూది ఉందని చెప్పాను. దూది నా చేతిలోనే ఉంది.

నడుము నొప్పి దాదాపు లేదు. దాదాపు.

ఆగస్టు 27

చవితి. హేమంత్ వచ్చాడు. పొద్దున బండి దిగి, స్నానం చేసి, నేరుగా బిడ్డను ఎత్తుకున్నాడు. ఎలా ఎత్తుకోవాలో ఎవరూ చెప్పలేదు. మెడ కింద చెయ్యి తనంతట తానే పోయింది. నేను జాగ్రత్తగా గమనించాను. ఎత్తుకునే ముందు ఆలోచించాడా? లేదు. ఎత్తుకోగానే ముఖం మారిందా? మారింది. నేను ఎత్తుకునేటప్పుడు ఒకటి, రెండు, మూడు అనుకుని వంగుతాను. నడుము కోసం.

పిల్లలు ఆరేడు వారాల్లో మనిషిని చూసి నవ్వాలని పుస్తకం. ఈ రోజు మధ్యాహ్నం నన్ను చూసి నవ్వాడు. పళ్లు లేని చిగుళ్లు మొత్తం కనపడేలా. "పాఠంలో చెప్పినట్టే వచ్చింది" అన్నాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. హేమంత్ ఫోటో తీయబోయేసరికి నవ్వు అయిపోయింది. నాకు కళ్లలో నీళ్లు రాలేదు. ఎందుకు రాలేదా అని ఆలోచిస్తూ ఉంటే అన్నం చల్లారిపోయింది.

భోజనాల దగ్గర హేమంత్ చెప్పాడు. "అమ్మ తాడిపత్రి నుంచి ఫోన్ చేసింది మామయ్యా. విజయదశమికి గుంతకల్లుకు వచ్చేయమంటాంది. మహాలయ పక్షాలు అయిపోతాయి, దశమికి ముహూర్తం చూసే పని లేదు, మూడో నెల దాటదు. ప్రసన్న నడుము కూడా బాగైంది కదా."

"ఇంకా ఉంది" అన్నాను.

అప్పుడే పట్టేసింది నడుము. నిజంగా.

ఆగస్టు 28

నొప్పి కుడివైపుకు మారింది. ఇది ఆసక్తికరం.

హేమంత్ పోతూ పోతూ, "ఆడ నువ్వు ఒక్కదానివే ఎట్ల చూసుకుంటావో ఏమో" అన్నాడు. "పాలిచ్చే ప్రతి జంతువూ చూసుకుంటుంది" అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను.

సెప్టెంబరు 3

పుష్పావతి వేళ్లతో నొక్కుతూ పోయింది. "ఈడ?" ఉంది. "ఈడ?" ఉంది. "పోయినసారి ఎడమన కదా?" మారింది. "దిగినట్టుందా, పాకినట్టుందా?" నాకు తోచలేదు. పాకినట్టుంది అన్నాను. ఆమె నా ముఖం చూసి, సూదులు వేసింది.

నిద్రపోయాను. ఇక్కడ ఎవరూ "వాడికి ఆకలేమో చూడు" అనరు. ఇక్కడ నేను కదలకపోవడమే వైద్యం. ఇంట్లో అదే పని చేస్తే దానికి వేరే పేరు పెడతారు.

దారిలో అమ్మ అడిగింది. "ఇంకెన్నిసార్లు పోవల్ల?"

"చెప్పలేను."

"దశమి లోపల అయిపోతుందా?"

"అమ్మా, నడుము కదా, క్యాలెండర్ చూసి తగ్గదు."

సెప్టెంబరు 5

పిల్లలు ఫోన్ చేశారు. హ్యాపీ టీచర్స్ డే మేడం. బాబు ఎలా ఉన్నాడు మేడం. బాగున్నాడు అన్నాను. మీరెలా ఉన్నారని ఒక్క పిల్ల అడిగింది. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే పిల్ల. లైను సరిగా లేదని పెట్టేశాను.

సెప్టెంబరు 10

నిద్ర లేచేసరికి పుష్పావతి కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది.

"తగ్గిందా?"

"తగ్గిందక్కా. చాలా తేలిగ్గా ఉంది."

"ఈపొద్దు ఒక్క సూదీ వేయలా నేను. దూదితో రుద్ది, వేలితో తట్టి, కర్టెన్ మూసినా."

నా మొదటి ఆలోచన: భలే ప్రయోగం. రెండో ఆలోచన రావడానికి కాస్త సమయం పట్టింది.

"అబద్ధమాడినావా నాతో" అన్నాను.

"ఆడినా. నువ్వు ఆడలేదా?" ఆమె గొంతు పెంచలేదు. "నీ నడుము మూడోసారికే బాగైంది. నా చేతికి తెలుస్తుంది. నువ్వు నిద్రకు వస్తాండావు. రా, వద్దనను, నిద్ర కూడా మంచిదే. కానీ బిడ్డ ఏడిస్తే ముఖం పక్కకు తిప్పి ఇంకా గట్టిగా కళ్లు మూసుకుంటాండావు. శానామంది బాలింతల్ని చూసినా నేను. బిడ్డ ఏడిస్తే సూదులతోనే లేస్తారు, పట్టుకోల్ల వాళ్లను. నువ్వట్ల లేవలా. నీది నా సూదికి అందేది కాదమ్మా. అనంతపురంలో మనసు డాక్టరమ్మ ఒకామె ఉండాది. నంబరిస్తా."

"నాకేం పిచ్చి పట్టిందా?"

"నేనన్నానా ఆ మాట?"

నంబరు తీసుకోలేదు. మెట్లు దిగేటప్పుడు అమ్మ నడుము ఎలా ఉందని అడిగింది. బాగా నొప్పిగా ఉందని చెప్పాను.

సెప్టెంబరు 11

ఆమెకు ఏం తెలుసు? గోడ మీద చుక్కల బొమ్మ పెట్టుకుని కూర్చునే మనిషి. నేను బిడ్డకు వేళకు పాలిస్తున్నాను, టీకాలు వేయిస్తున్నాను, వాడి బరువు నాకు తెలుసు. తప్పు చూపించమనండి.

కోపం నిన్నటి కంటే ఎక్కువైంది.

సెప్టెంబరు 13

కార్తికేయ తొట్టి ఉయ్యాలలో సూది దొరికింది. పుష్పావతి సూది. జేజి పని. తను పుట్టపర్తి వచ్చిన రోజు నాకు సూదులు తీసేటప్పుడు ఒకటి దుప్పటిలో పడిందట, జేజి తీసి కొంగున ముడేసుకుందట. ఒంట్లోకి దిగి నొప్పిని బయటికి లాగిన ఇనుము కాబట్టి అడకత్తెర కంటే బలమైందని, వాడి పరుపు అంచుకు గుచ్చిందట. గాలీ ధూళీ చేరకుండా.

సూది ఊడి పక్కగుడ్డ మీదికి వచ్చింది. చూసి తీసేశాను. వాడికి ఏమీ కాలేదు.

సెప్టెంబరు 14

జేజి ఏడుస్తోంది. అమ్మ ఆమెతో మాట్లాడడం లేదు. నాయన, "పోనీ, ఏం కాలేదు కదా" అని అందరికీ చెప్పి కిందికి పోయాడు. నేను జేజి పక్కన కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చూసినావు కాబట్టి సరిపోయె బంగారూ" అంది. నేను చెయ్యి లాక్కున్నాను.

నువ్వు చూసినావు కాబట్టి.

సెప్టెంబరు 15

చూసి తీసేశాను అని రాశాను. అది తప్పు.

చూశాను. సూది వాడి చెంప పక్కన ఉంది. కిటికీ వెలుతురు పడి మెరుస్తోంది. వాడికి అది కనపడింది. మెరిసేదాని వైపు తల తిప్పుతున్నాడు. ఈ వయసులో మెరిసేదాన్ని కళ్లతో వెంబడిస్తారు, అది నాకు తెలుసు. నేను తొట్టి కర్ర పట్టుకుని నిలబడి, వెంబడిస్తున్నాడా లేదా అని చూశాను. చెంప ఎంత దగ్గరకు వస్తుందో చూశాను. ఇప్పుడు గుచ్చుకుంటుంది అని అనుకున్నాను, బోర్డు మీద రాసిన వాక్యం చదువుతున్నట్టు. చెయ్యి కదల్లేదు. కదలాలని నాకు తెలుసు, కదల్లేదు.

ఎంతసేపో తెలియదు. కింద అంగట్లో ఎవరో తగరపు డబ్బా పడేశారు. ఆ చప్పుడుకు నా చెయ్యి ముందుకు పోయింది. సూది తీశాను. అప్పుడు నేల మీద కూర్చున్నాను.

డబ్బా పడకపోయి ఉంటే?

నేను వాణ్ణి ఏమీ చేయను. అది నాకు గట్టిగా తెలుసు. కానీ ఏదైనా అవుతుంటే చూస్తూ నిలబడతానేమో. గుంతకల్లు క్వార్టర్సులో పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నేనూ వాడే. కింద అంగడి ఉండదు. నాకు భయంగా ఉంది. నడుము నొప్పి లేదు. ఆగస్టు నుంచి లేదు. నాకు వాడంటే భయం, నేనంటే ఇంకా భయం.

సెప్టెంబరు 16

అమ్మకు చెప్పాను.

వంటింట్లో వెల్లుల్లి వొలుస్తోంది, నా బాలింత కారానికే. నేను పీట వేసుకుని కూర్చున్నాను. "అమ్మా, ఆ సూది" అన్నాను.

"ఆ ముసిలామె మాటెత్తొద్దు నా దగ్గర. సంటిబిడ్డ తొట్లో సూది పెడతారా ఎవురన్నా?"

"జేజి సంగతి కాదు, నా సంగతి. నేను వెంటనే తీయలేదు. చూస్తా నిలబడినా."

అమ్మ చేతిలో వెల్లుల్లి అలాగే ఉంది. "చూడలేదేమో సరిగ్గా. నిద్ర చాలక."

"చూసినా. బాగా చూసినా. చెయ్యి రాలేదు." తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. నడుము ఎప్పుడో బాగైందని, వాడు నవ్వినా నాలో ఏమీ కాలేదని, వాడు ఏడిస్తే గది వదిలి పారిపోవాలని ఉందని, గుంతకల్లు పోతే ఏమవుతుందోనని భయంగా ఉందని. పుష్పావతి అనంతపురం డాక్టర్ దగ్గరకు పొమ్మందని. అన్నీ చెప్పాక ఏడుపు వచ్చింది. చిన్నప్పుడు ఏడ్చినట్టు, చీమిడి కారుతూ.

అమ్మ దగ్గరకు తీసుకోలేదు. లేచి కొంగుతో చేతులు తుడుచుకుని, మెట్లు దిగి అంగట్లోకి పోయింది. నా మాట విని పారిపోయిందనుకున్నాను. వెనకే పోయి మెట్ల మీద నిలబడ్డాను.

అమ్మ ఫోను కింద ఛార్జింగులో ఉంది. అంగట్లో నాయన, గల్లా ముందు వేరుశనగ పిండి కోసం వచ్చిన ఎర్రప్ప, ఇంకో ఇద్దరు. ఎర్రప్పకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే. అమ్మ తాడిపత్రికి, మా అత్తకు ఫోన్ కలిపింది. ఛార్జింగు తీయకుండా, గోడకు ఆనుకుని మాట్లాడింది.

"వదినా, నేను సుమిత్రను. దశమికి పంపించలేను. లేదు వదినా, నడుము కాదు, నడుము బాగైంది. పిల్లకు మనసు బాగలేదు. మనసు వదినా. బిడ్డను ఎత్తుకోవల్లంటే భయపడతాండాది. అనంతపురం డాక్టర్‌కు చూపిస్తాండాం. ఎప్పుడు పంపేదీ ఆమె చెప్పినాంక చెప్తా. మీరు ఎట్ల అనుకున్నా సరే."

అవతల నుంచి ఏవో మాటలు. అమ్మ వింది. "గాలి కాదు వదినా. తాయెత్తులూ వద్దు" అంది. "హేమంత్‌కు నేనే చెప్తా" అంది.

ఆశ్రమానికి దర్శనానికి అని చెప్పమన్న మనిషి. నాయన తక్కెడ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎర్రప్ప నేల చూస్తూ, "మా రెండో కోడలు కూడా అట్లనే ఉండె, సెట్టీ. మాకు తెలీక ఎన్ని మాటలన్నామో" అన్నాడు. పిండి తీసుకోకుండానే వెళ్లిపోయాడు. కాసేపటికి గుర్తొచ్చి మళ్లీ వచ్చాడు.

సెప్టెంబరు 17

హేమంత్ వచ్చాడు. డ్యూటీ మార్చుకుని, గూడ్సు బండ్లు పట్టుకుని. "నాకెందుకు చెప్పలేదు?" అని మాత్రం అన్నాడు.

"మీరు ఎత్తుకునేటప్పుడు ముఖం మారుతుంది. అది చూసి చెప్పలేకపోయినా."

తర్వాత, "రేపు నేనూ వస్తా" అన్నాడు.

సెప్టెంబరు 18

అనంతపురం. మనసు డాక్టరమ్మ గది బయట నాలాంటివాళ్లు ఉన్నారు. నేను ఒక్కదాన్నే అనుకున్నాను.

ఆమె మొదటి ప్రశ్న సూటిగా అడిగింది. నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలని, బిడ్డను ఏమైనా చేయాలని ఉందా? లేదు, చూస్తూ ఉండిపోతానేమోనని భయం అన్నాను. రాసుకుంది. ఇది కాన్పు తర్వాత వచ్చే జబ్బు, చాలామందికి వస్తుంది, మందు ఉంది, పాలిస్తూనే వేసుకోవచ్చు అంది. రెండు మూడు వారాలకు గాని తేడా తెలియదట. అందాకా బిడ్డతో నన్ను ఒంటరిగా వదలొద్దని అమ్మకూ హేమంత్‌కూ చెప్పింది.

నాకు వంద ప్రశ్నలు ఉన్నాయి. మెదడులో ఏం జరుగుతుంది, ఎందుకు కొందరికే, చెయ్యి ఎందుకు కదల్లేదు. కొన్నిటికి చెప్పింది. ఒకదానికి, "ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు" అంది. ఈసారి నాకు ఆకలి పుట్టలేదు. నిద్రొచ్చింది.

సూదుల వైద్యం మానేయాలా అని అమ్మ అడిగింది. నిద్రకు బాగుంటే వేయించుకోనివ్వండి, మందు మాత్రం ఆపొద్దు అంది.

సెప్టెంబరు 21

పుష్పావతికి ఫోన్ చేశాను. డాక్టర్ దగ్గరకు పోయినానని చెప్పాను. "మంచి పని చేసినావు. మంగళవారం రా. సూదులు నిజంగానే వేస్తాలే" అంది.

జేజి తనంతట తానే నా పరుపు కింది అడకత్తెర తీసేసి వక్కలు కత్తిరించుకుంటోంది. అమ్మ ఆమెకు కాఫీ ఇచ్చింది, మాట్లాడకుండా.

సెప్టెంబరు 26

మందు మొదలుపెట్టాక నోరు ఎండుతోంది. వేరే తేడా ఏమీ లేదు. ఉంటే రాస్తాను, లేకపోతే లేదనే రాస్తాను.

మధ్యాహ్నం అమ్మ వాడికి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో చుట్టి గదిలోకి తెచ్చింది. నేను గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉన్నాను. అంతకుముందైతే నేరుగా ఒళ్లో పెట్టేది. ఈ రోజు నిలబడి అడిగింది.

"ఇయ్యనా?"

"ఇప్పుడు వద్దమ్మా."

అని, ఏమంటుందోనని చూశాను. "సరే" అంది. చాప మీద కూర్చుని వాణ్ణి తన మోకాళ్ల మీద పడుకోబెట్టుకుంది. ఆ 'సరే'లో నిట్టూర్పు లేదు, నన్నేమీ అనలేదు. ధనియాలు తెప్పించాలని, వాన మళ్లీ పోయిందని ఏవో మాట్లాడింది. ఒళ్లో ఏమీ లేకుండా, నొప్పి ఉందని చెప్పకుండా, నేను అలాగే కూర్చున్నాను. వాడు గుడ్డలో నుంచి ఒక చెయ్యి బయటకు లాగి గాల్లో పెట్టాడు. దించడం రాక అలాగే పట్టుకుని ఉన్నాడు.

కొంతసేపయ్యాక నేనే అడిగాను, ఇటియ్యమని.